జన్యువును తెరిచేది ఎవరు? ఒక సంవాదం

రక్త క్యాన్సర్ రోగుల జన్యు పరీక్ష రిపోర్టుల్లో టెట్2 అన్న పేరు తరచూ కనిపిస్తుంది. ఆ జన్యువు చెడితే ఎముక మజ్జలో కణాలు దారి తప్పుతాయని 2009 నుంచి తెలుసు. ఎందుకు తప్పుతాయన్నది మాత్రం చాలాకాలం కొరుకుడు పడలేదు. డాక్టర్లు చెప్పుకుంటూ వచ్చిన జవాబు డీఎన్‌ఏ దగ్గర ఆగిపోయేది. 2024లో వచ్చిన జవాబు ఆర్‌ఎన్‌ఏ వైపు వేలు చూపింది. ఈ సంవాదంలో ఇద్దరూ చెరో జవాబు పక్కన నిలబడ్డవాళ్లు. మామయ్య ఏళ్ల తరబడి రక్త క్యాన్సర్లకు వైద్యం చేసిన డాక్టరు. మేనకోడలు ఆర్‌ఎన్‌ఏ రసాయనం మీద పరిశోధన చేస్తోంది. నేను మధ్యలో ఒకచోట తప్ప కల్పించుకోలేదు.

మామయ్య: ముందు ఒక సంగతి తేల్చుకుందాం అమ్మాయ్. క్యాన్సర్ పుట్టేది డీఎన్‌ఏలో. ఒక అక్షరం మారుతుంది, ఒక ముక్క ఊడుతుంది, రెండు క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. తొమ్మిదో క్రోమోజోమూ ఇరవైరెండో క్రోమోజోమూ అలా మార్చుకుంటేనే సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ వస్తుంది. ఆ మార్పు వల్ల పుట్టే ప్రోటీనును అడ్డుకునే ఇమాటినిబ్ 2001లో వచ్చాక ఆ రోగుల బతుకే మారిపోయింది. మూలం పట్టుకున్నారు కాబట్టి జబ్బు లొంగింది. ఆర్‌ఎన్‌ఏ ఆ మూలం పంపిన కబురు మోసేది. దండోరా వేసేవాడు ఊరికి పెద్ద అవుతాడా?

మేనకోడలు: కబురు మోసే ఆర్‌ఎన్‌ఏ గురించి అయితే మీ మాట చాలావరకు ఒప్పుకుంటాను మామయ్యా. కానీ కణం తయారుచేసే ఆర్‌ఎన్‌ఏ అంతా కబురు మోయదు. కొంత ఆర్‌ఎన్‌ఏ కేంద్రకం దాటి బయటికే రాదు. క్రొమాటిన్‌ని, అంటే హిస్టోన్ ప్రోటీన్ల చుట్టూ చుట్టుకున్న డీఎన్‌ఏని, అంటిపెట్టుకుని అక్కడే ఉండిపోతుంది. దాని మీద చిన్న రసాయన గుర్తులు పడతాయి. మిథైల్ అంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే. అది ఏ ఆర్‌ఎన్‌ఏ మీద ఉందన్నదాన్ని బట్టి చుట్టుపక్కల జన్యువులు తెరుచుకోవడమో మూసుకోవడమో జరుగుతోంది. మీ లెక్కలో వీటికి చోటే లేదు.

మామయ్య: చోటు అడిగినవాళ్లందరికీ ఇవ్వలేం. ఎప్పుడు కనిపెట్టారు వీటిని?

మేనకోడలు: అడెనిన్ మీద పడే ఎం6ఏ గుర్తు 1974లో దొరికింది. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో రాట్‌మన్ బృందం చూసింది. వాళ్లు వాడినవి ఎలుక కాలేయ క్యాన్సర్ కణాలు. అంటే కబురు ఆర్‌ఎన్‌ఏ మీద ఈ గుర్తు మొదట కనపడిందే క్యాన్సర్ కణంలో.

మామయ్య: కనపడింది సరే. తర్వాత ఇంచుమించు నలభై ఏళ్లు దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. అంత ముఖ్యమైనదే అయితే అన్నేళ్లు ఎలా ఊరుకున్నారు?

మేనకోడలు: ఎక్కడెక్కడ పడిందో చూసే సాధనం లేక. ఒకసారి పడితే పోని గుర్తు అనుకుని కూడా. 2011లో షికాగోలో చువాన్ హె బృందం ఎఫ్‌టీఓ అనే ఎంజైము ఈ గుర్తును తీసేస్తుందని చూపించింది. పెట్టడానికి ఒక ఎంజైము, తీయడానికి ఒక ఎంజైము ఉన్నాయంటే కణం దాన్ని అవసరాన్ని బట్టి మారుస్తోందన్నమాట. మరుసటి ఏడాదే రెండు బృందాలు మ్యాపులు వేశాయి. మనిషిలో ఏడు వేలకు పైగా జన్యువుల ఆర్‌ఎన్‌ఏ మీద ఆ గుర్తు ఉంది.

మామయ్య: ఆ మ్యాపుల సంగతి నాకూ తెలుసు. యాంటీబాడీతో పట్టి లెక్కపెట్టారు. ఒక ల్యాబ్ లెక్కకూ ఇంకో ల్యాబ్ లెక్కకూ పొంతన అంతంత మాత్రం. సైటోసిన్ మీద పడే ఎం5సీ గుర్తు మరీ అన్యాయం. 2012లో మనిషి ఆర్‌ఎన్‌ఏలో పది వేల చోట్ల ఉందన్నారు. గట్టిగా వడపోస్తే కబురు ఆర్‌ఎన్‌ఏలో నిలిచినవి కొన్ని వందలు. లెక్క ఇంతలా కుంగిపోయిన చోట నేను రోగికి ఏం చెప్పను?

మేనకోడలు: ఆ వడపోత చేసింది కూడా మా రంగంవాళ్లే మామయ్యా. ఇప్పుడు యాంటీబాడీ లేకుండా, రసాయన చర్యతో ఒక్కొక్క అక్షరం దగ్గర గుర్తు ఉందో లేదో చూసే పద్ధతులు వచ్చాయి. మొత్తం ఎంత ఉందో మాస్ స్పెక్ట్రోమీటర్ చెబుతుంది. లెక్క సరిపోని రోజుల్లో చెప్పిన మాటలన్నీ నేను వెనకేసుకు రావడం లేదు.

మామయ్య: అయితే లెక్క సరిపోయాక తేలిన మాటే చెప్పు.

మేనకోడలు: 2017. కేంబ్రిడ్జ్‌లో టోనీ కౌజారైడిస్ బృందం ఏఎంఎల్ అనే ల్యుకేమియా కణాల్లో ఎం6ఏ పెట్టే ఎంజైము మెటిల్3 ఎక్కడుందో వెతికింది. అది తయారైన ఆర్‌ఎన్‌ఏ చుట్టూ తిరుగుతూ కనిపించాలి కదా. కానీ కొన్ని జన్యువుల మొదట్లో, ప్రమోటర్ మీదే కూర్చుని ఉంది. సీఈబీపీజెడ్ అనే ప్రోటీను దాన్ని అక్కడికి రప్పిస్తోంది. ఆ జన్యువుల్లో ఎస్పీ1 ఒకటి. ఎస్పీ1 మిక్ అనే క్యాన్సర్ జన్యువును ఎగదోస్తుంది. మిక్ గురించి మీకు నేను చెప్పేదేముంది. మెటిల్3ని తీసేస్తే ఆ ల్యుకేమియా కణాలు నిలవలేకపోయాయి.

మామయ్య: ఆగు. ఆ పనిలో గుర్తు పడ్డ ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీను ఎక్కువ తయారైంది. అది అనువాద దశ. నువ్వేమో ట్రాన్స్‌క్రిప్షన్, అంటే డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారవడం, మారుతుందని, జన్యువే తెరుచుకుంటుందని వాదిస్తున్నావు. రెండూ ఒకటి చేయకు.

మేనకోడలు: నిజమే. అక్కడ ట్రాన్స్‌క్రిప్షన్ మారింది చుట్టుతిరిగి, ఎస్పీ1 ద్వారా. నేరుగా మారడం 2020లో చూశారు. ఎలుక పిండ మూలకణాల్లో మెటిల్3 తీసేస్తే క్రొమాటిన్‌ని అంటుకుని ఉండే ఆర్‌ఎన్‌ఏలు పేరుకుపోయాయి. మామూలుగా వాటి మీద ఎం6ఏ ఉంటే వైటీహెచ్‌డీసీ1 అనే ప్రోటీను గుర్తుపట్టి, వాటిని ముక్కలు చేసే యంత్రాంగానికి అప్పగిస్తుంది. గుర్తు లేకపోతే అవి మిగిలిపోతాయి, క్రొమాటిన్ వదులవుతుంది, ట్రాన్స్‌క్రిప్షన్ పెరుగుతుంది.

మామయ్య: అది పిండ మూలకణం, క్యాన్సర్ కణం కాదు. పైగా మరుసటి ఏడాదే దానికి ఎదురు ఫలితం వచ్చింది కదా? జన్యువు పనిని పెంచే ఎన్‌హాన్సర్లు అనే డీఎన్‌ఏ ముక్కల దగ్గర పుట్టే ఆర్‌ఎన్‌ఏ మీద అదే ఎం6ఏ పడితే, అదే వైటీహెచ్‌డీసీ1 వచ్చి బీఆర్‌డీ4 అనే ప్రోటీనును పోగుచేసి జన్యువును తెరుస్తుందని. ఒకచోట మూస్తుంది, మరోచోట తెరుస్తుంది. ఏ ఫలితం వచ్చినా సరిపోయే సిద్ధాంతం నాకు పనికిరాదు. మెదడు క్యాన్సర్ సంగతి ఇంకా చూడు. గ్లియోబ్లాస్టోమా మూలకణాల్లో మెటిల్3 తగ్గిస్తే గడ్డ పెరుగుతుందని 2017లో అమెరికాలో రాశారు. మెటిల్3 లేకపోతే అదే కణాలు బతకలేవని, రేడియేషన్‌కి లొంగుతాయని 2018లో బెంగళూరు ఐఐఎస్‌సీ నుంచి సోమసుందరం బృందం రాసింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అలాంటి ఎంజైముకు మందు కడుపులోకి పంపుతారా?

మేనకోడలు: పంపుతున్నారు. మెటిల్3ని ఆపే మందు 2021లో ఎలుకల్లో ల్యుకేమియాను తగ్గించింది. అదే కోవలో ఎస్‌టీసీ-15 అనే బిళ్ల 2022లో మనుషుల్లో తొలి దశ ట్రయల్‌కి వెళ్లింది. మీరన్న వైరుధ్యాలు నన్నూ ఇబ్బంది పెడతాయి. కానీ ఒకటి చూడండి. మన జన్యురాశిలో మిగిలిపోయిన పాత వైరస్ అవశేషాల నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏ మీద పడిన గుర్తు ఆ ఆర్‌ఎన్‌ఏని చంపుతోంది. ఎన్‌హాన్సర్ ఆర్‌ఎన్‌ఏ మీద పడిన గుర్తు దాని చుట్టూ ప్రోటీన్లను పోగుచేస్తోంది. గుర్తు ఒకటే, కూర్చున్న చోటు వేరు. కణంలో మొత్తం ఎం6ఏ పెరిగిందా తగ్గిందా అని అడిగినంతకాలం జవాబు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఏ కణంలో, ఏ ఆర్‌ఎన్‌ఏ మీద అని అడగాలి.

ఇక్కడ నా మాట ఒకటి. ఆర్‌ఎన్‌ఏ మీద 170కి పైగా రసాయన మార్పులు తెలుసు. వాటిలో ఒకటైన సూడోయూరిడిన్ మీద కరికో, వైస్‌మన్ చేసిన పనే టీకాలకు దారి వేసి 2023లో నోబెల్ తెచ్చింది. క్యాన్సర్ విషయంలో మాత్రం ఎం6ఏ మీద పోగైనన్ని వ్యాసాలు మరి దేనిమీదా లేవు. వాటిలో చాలా వాటిలో మామయ్య కోపానికి న్యాయమైన కారణం ఉంది: ఎంజైమును తగ్గించారు, కణం పెరగడం ఆగింది, మధ్యలో ఏం జరిగిందో ఊహించారు. మధ్యలో ఏం జరిగిందో మెట్టు మెట్టుగా చూపిన పనుల్లో టెట్2 కథ ఒకటి. అందుకే వాదాన్ని అటు తిప్పమన్నాను.

మామయ్య: టెట్2 అయితే నా ఇలాకాలోకి వచ్చావు. సీఎంఎంఎల్ అనే రక్త క్యాన్సర్ రోగుల్లో దగ్గర దగ్గర సగం మందికి అది చెడి ఉంటుంది. ఏఎంఎల్‌లోనూ, ఎండీఎస్ అనే మజ్జ జబ్బులోనూ చూస్తాం. టెట్ కుటుంబం ఎంజైములు ఏం చేస్తాయో 2009లో అంజనా రావు బృందమే చూపించింది: డీఎన్‌ఏలో సైటోసిన్ మీదున్న మిథైల్‌ని ఆక్సీకరణం చేస్తాయి. ఆ దారిలో మిథైల్ చివరికి పోతుంది. టెట్2 లేకపోతే డీఎన్‌ఏ మీద మిథైల్ పేరుకుంటుంది, మంచి జన్యువులు మూతపడతాయి, కణం పరిపక్వం కావడం మానేసి సంఖ్య పెంచుకుంటూ పోతుంది. ఇందులో ఆర్‌ఎన్‌ఏకి ఏం పని?

మేనకోడలు: మీరు చెప్పిన దారిలోనే వెళ్దాం. మిథైల్ పేరుకుంటే క్రొమాటిన్ మూతపడాలి కదా?

మామయ్య: పడాలి.

మేనకోడలు: టెట్2 తీసేసిన రక్త మూలకణాల్లో చూస్తే క్రొమాటిన్ మూతపడలేదు. ఇంకా తెరుచుకుంది. ట్రాన్స్‌క్రిప్షన్ మొత్తం మీద పెరిగింది. మీ దారి చెప్పిన దానికి ఇది తలకిందులు.

మామయ్య: డీఎన్‌ఏ మిథైల్ ప్రతిచోటా మూసేదే అని ఎవరూ అనలేదు. జన్యువు నడుమ ఉంటే వేరే లెక్క. ఎన్‌హాన్సర్ల దగ్గర పెరిగిందని చూపించినవాళ్లూ ఉన్నారు.

మేనకోడలు: ఉన్నారు. దాన్ని నేను కొట్టిపారేయను. కానీ అది మూతపడిన చోట్లను వివరిస్తుంది, తెరుచుకున్న చోట్లను వివరించదు. 2024లో చువాన్ హె, మింగ్‌జియాంగ్ షూ బృందాలు నేచర్‌లో రాసింది ఇది. మన జన్యురాశిలో సుమారు 8 శాతం పాత రెట్రోవైరస్‌ల అవశేషాలు. వాటి నుంచి కొంత ఆర్‌ఎన్‌ఏ వస్తూనే ఉంటుంది, క్రొమాటిన్‌ని అంటుకునే ఉంటుంది. దాని మీద ఎం5సీ గుర్తు ఉంటుంది. టెట్2 ఆ ఆర్‌ఎన్‌ఏ మీది ఎం5సీని కూడా ఆక్సీకరణం చేస్తుంది. టెట్2 లేకపోతే ఎం5సీ అలాగే మిగులుతుంది. ఆ గుర్తును ఎంబీడీ6 అనే ప్రోటీను పట్టుకుంటుంది. ఎంబీడీ6 ఒంటరిగా రాదు, బీఏపీ1ని వెంటబెట్టుకుని వస్తుంది.

మామయ్య: బీఏపీ1 హిస్టోన్ మీద పడే యుబిక్విటిన్ అనే గుర్తును తీసేది.

మేనకోడలు: అదే. హెచ్2ఏ హిస్టోన్‌లో 119వ లైసిన్ మీద పాలీకోంబ్ ప్రోటీన్లు పెట్టిన యుబిక్విటిన్‌ని బీఏపీ1 ఊడదీస్తుంది. ఆ యుబిక్విటిన్ ఉన్నంతసేపు అక్కడి జన్యువులు అణిగి ఉంటాయి. అది పోతే క్రొమాటిన్ వదులవుతుంది, ట్రాన్స్‌క్రిప్షన్ మొదలవుతుంది. ఆర్‌ఎన్‌ఏ మీద ఒక మిథైల్ తీయకపోవడం దగ్గర మొదలై హిస్టోన్ దాకా వచ్చింది చూడండి. మీరు దండోరా అన్నారే, ఆ వేసేవాడు ఇక్కడ ఊరి పెద్ద గుమ్మంలోనే నిలబడి ఎవరిని లోపలికి పంపాలో చెబుతున్నాడు.

మామయ్య: ఎంబీడీ6ని తీసేసి చూశారా?

మేనకోడలు: చూశారు. టెట్2 చెడిన ల్యుకేమియా కణాలు ఎంబీడీ6 లేకుండా పెరగలేకపోయాయి. ఇంకొకటి మామయ్యా, మీ రిపోర్టుల్లో టెట్2 పక్కనే ఏఎస్‌ఎక్స్‌ఎల్1 కనబడుతుంది కదా?

మామయ్య: సీఎంఎంఎల్‌లో చాలాసార్లు రెండూ కలిసే వస్తాయి. ఏఎస్‌ఎక్స్‌ఎల్1 ఉంటే రోగికి మంచి రోజులు కావని మా అనుభవం.

మేనకోడలు: ఏఎస్‌ఎక్స్‌ఎల్1 బీఏపీ1కి జోడీ ప్రోటీను. రోగుల్లో కనబడే తెగిపోయిన రూపం బీఏపీ1 పనిని ఇంకా పెంచుతుంది. ఒక జన్యువు చెడి బీఏపీ1ని ఆ చోటికి ఎక్కువగా రప్పిస్తోంది, ఇంకొకటి చెడి దాని చేతికి బలం ఇస్తోంది. రెండూ పోయి తగిలేది ఆ ఒక్క యుబిక్విటిన్‌కే. డీఎన్‌ఏ మిథైల్ కథలో ఈ రెండు పేర్లూ ఎందుకు పక్కపక్కన ఉంటాయో చెప్పడం కష్టం. ఈ కథలో చెప్పవచ్చు.

మామయ్య: (కాసేపు ఆలోచించి) అది బాగుంది. ఏఎస్‌ఎక్స్‌ఎల్1 ముక్క నాకు నచ్చింది. అయినా రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది: డెబ్బై దాటినవాళ్లలో పదిమందిలో ఒకరికి పైగా రక్తంలో ఇలాంటి మార్పులు దొరుకుతాయి, వాటిలో టెట్2 ముందు వరసలో ఉంటుంది. వాళ్లలో ఏడాదికి నూటికి ఒకరో, అంతకన్నా తక్కువో రక్త క్యాన్సర్ వైపు పోతారు. నీ లెక్కన వాళ్లందరి క్రొమాటిన్ తెరుచుకునే ఉండాలి. మరి అందరికీ ఎందుకు రాదు?

మేనకోడలు: తెరుచుకున్నంత మాత్రాన ల్యుకేమియా కాదు. ఆ మూలకణం మిగతావాటి కన్నా కాస్త ఎక్కువగా తనను తాను పెంచుకుంటుంది, అంతే. దాని మీద ఇంకో దెబ్బ పడాలి. ఆ దెబ్బ డీఎన్‌ఏలోనే పడుతుంది. అక్కడ మీతో నాకు పేచీ లేదు.

మామయ్య: రెండోది మందు. ఎంబీడీ6ని ఆపే మందు ఇవాళ నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నది అజాసైటిడిన్. 1964లో ప్రాగ్‌లో తయారైంది, 2004లో ఎండీఎస్‌కి అనుమతి వచ్చింది. తీవ్రమైన ఎండీఎస్ రోగుల మీద 2009లో వచ్చిన ట్రయల్‌లో మీడియన్ ఆయుష్షు 15 నెలల నుంచి 24.5 నెలలకు పెరిగింది. టెట్2 చెడినవాళ్లకు ఇంకాస్త బాగా పనిచేస్తుంది కూడా. అది డీఎన్‌ఏ మిథైల్‌ని తగ్గించే మందు. నా సిద్ధాంతం మీద రోగులు బతికారు తల్లీ. నీ సిద్ధాంతం మీద ఇంకా ఎవరూ బతకలేదు.

మేనకోడలు: అజాసైటిడిన్ కణంలోకి వెళ్లాక ఎక్కడికి పోతుందో మీకు తెలుసు.

మామయ్య: కొంత ఆర్‌ఎన్‌ఏలోకి పోతుంది.

మేనకోడలు: కొంత కాదు, 80 నుంచి 90 శాతం. డీఎన్‌ఏలోకి పోయేదే కొంత. ఆర్‌ఎన్‌ఏలో చేరిన అజాసైటిడిన్ అక్కడ ఎం5సీ పెట్టడానికి వచ్చిన ఎంజైములను తనకు అంటించేసుకుంటుంది, అవి ఇక కదలలేవు. డీఎన్‌ఎంటీ2, ఎన్‌సన్2 రెండూ అలా ఇరుక్కుంటాయని చూపించారు. టెట్2 లేక ఎం5సీ పేరుకున్న కణంలో ఎం5సీ పెట్టే ఎంజైమునే కట్టేస్తున్న మందు అది. టెట్2 చెడినవాళ్లకు బాగా పనిచేయడానికి కారణం ఇదే కావచ్చు కదా?

మామయ్య: కావచ్చు అన్న మాట మీద ఇల్లు కట్టకు. డెసిటాబిన్ సంగతేమిటి? దానికి డీఆక్సీరైబోజ్ ఉంది, ఆర్‌ఎన్‌ఏలోకి పోదు, డీఎన్‌ఏలోకే పోతుంది. అదీ ఇవే జబ్బులకు పనిచేస్తుంది.

మేనకోడలు: పనిచేస్తుంది. కానీ యూరప్‌లో జరిగిన దాని ట్రయల్‌లో ఆయుష్షు చెప్పుకోదగ్గంత పెరగలేదు.

మామయ్య: వేరే ట్రయల్, వేరే రోగులు, వేరే మోతాదు షెడ్యూలు. ఒక ట్రయల్ ఫలితం పక్కన ఇంకో ట్రయల్ ఫలితం పెట్టి పోలిస్తే మా పీజీ విద్యార్థిని కూడా ఒప్పుకోను.

మేనకోడలు: ఒప్పుకోకండి, సరే. ఆ పోలికను వదిలేస్తున్నాను. మీరు ఏం చూస్తే ఒప్పుకుంటారో చెప్పండి.

మామయ్య: టెట్2 చెడిన రోగులు. కొందరికి అజాసైటిడిన్, కొందరికి డెసిటాబిన్, ఎవరికి ఏదన్నది చీటీ తీసినట్టు నిర్ణయించాలి. మందు మొదలుపెట్టకముందు ఒక మజ్జ శాంపిలు, మొదటి విడత అయ్యాక ఒకటి. క్రొమాటిన్‌ని అంటుకున్న ఆర్‌ఎన్‌ఏలో ఎం5సీ కొలవాలి. హెచ్2ఏ మీద యుబిక్విటిన్ కొలవాలి. డీఎన్‌ఏ మిథైల్ కూడా కొలవాలి, దాన్ని వదిలేస్తే నేను ఒప్పుకోను. డీఎన్‌ఏ మిథైల్ రెండు గుంపుల్లోనూ తగ్గి, యుబిక్విటిన్ మాత్రం అజాసైటిడిన్ తీసుకున్నవాళ్లలోనే తిరిగొస్తే, నువ్వు చెప్పిన దారి నిజంగా రోగి ఒంట్లో ఉందని నమ్ముతాను.

మేనకోడలు: రెండింటిలోనూ సమానంగా తిరిగొస్తే అజాసైటిడిన్ విషయంలో మీ మాటే నిజం. ఎంబీడీ6 విషయం అప్పటికీ నిలిచే ఉంటుంది, ఆ ప్రయోగాల్లో అజాసైటిడిన్ లేదు కాబట్టి.

మామయ్య: అది నిలబడాలంటే ఇంకో ల్యాబ్ అదే చూడాలి, ఎంబీడీ6కి మందు రావాలి.

మేనకోడలు: రావాలి. ఈలోగా ఒక చిక్కుంది మామయ్యా. మీ దగ్గర తీసిన మజ్జ ఇప్పుడు ఎలా వెళ్తోంది?

మామయ్య: ఈడీటీఏ ట్యూబులో పెట్టి డీఎన్‌ఏ పరీక్షకు కొరియర్‌లో పంపుతాం. ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. డీఎన్‌ఏకి ఏమీ కాదు.

మేనకోడలు: ఆర్‌ఎన్‌ఏకి ఆ రెండు రోజులూ చాలు, ముక్కలైపోతుంది. క్రొమాటిన్‌ని అంటుకున్నది విడదీయాలంటే కణాలు బతికుండగానే నాకు చేరాలి, లేదా బతికే పద్ధతిలో గడ్డకట్టించి ఉంచాలి. మీ పరీక్షకు ఎన్ని మిల్లీలీటర్లు కావాలి?

మామయ్య: రెండు చాలు.

మేనకోడలు: ఇంకో రెండు తీయడానికి రోగిని ముందే అడిగి, కొరియర్‌వాడు రాకముందే నాకు కబురు చేయండి.

మామయ్య: ఎథిక్స్ కమిటీకి అర్జీ నువ్వు రాయి. డీఎన్‌ఏ మిథైల్ కొలత మొదటి పేజీలోనే ఉండాలి.